తెగిన ముప్పేట

పాతాళగండి మీది వంతెన పొద్దున్నే తెగింది. తెగేముందు మూలిగిందని కొందరన్నారు, పిడుగు పడ్డట్టు పేలిందని కొందరన్నారు. తూర్పు గట్టున నిలబడి ఉన్న కాచన చెవిన పడింది మాత్రం ఓబాంబ గాడిద పెట్టిన ఓండ్ర ఒక్కటే. ఆ ఓండ్ర గండిలోకి దిగిపోతూ, సన్నబడుతూ, చివరికి అడుగున పరుచుకున్న మంచులో కలిసిపోయింది. గాడిదతోపాటు దాని పగ్గం పట్టుకుని నడుస్తున్న ఓబాంబ కూడా పోయింది.

ఓబాంబ అంటే తేనెగుట్ట, నారవీడు, సింగిణీపురం అనే మూడు ఊళ్ళకూ కలిపి ఉన్న ఒకే ఒక్క వైద్యురాలు. ఆ ఊళ్ళ పడుచువాళ్ళందరూ ఆమె చేతుల్లోనే తొలి ఏడుపు ఏడ్చారు. కాచన కూడా అంతే. ఆ పొద్దున సింగిణీపురంలో ఒక ఇల్లాలికి నొప్పులు మొదలయ్యాయని కబురు వస్తే, నోట్లో వక్కపలుకు వేసుకుని, మందుల సంచి గాడిద మీద వేసుకుని బయలుదేరింది.

గండికి తూర్పున తేనెగుట్ట, పడమట పక్కపక్కనే నారవీడు, సింగిణీపురం. మూడూ రాజులు లేని ఊళ్ళు. ఎవరి సభ వాళ్ళది, ఎవరి పంతం వాళ్ళది. కానీ ఏ ఊరికీ విడిగా వంతెన వేసుకునే తాహతు లేదు. వైద్యురాలిని పోషించే స్తోమతు లేదు. ఉప్పుబాటకు కాపలా పెట్టేంత మంది లేరు. అందుకని తాతల నాడు మూడు సభలూ ఒకచోట కూర్చుని, కడుపునిండా తిట్టుకుని, చివరికి ముమ్మడి కట్టు ఒకటి చేసుకున్నాయి. వంతెన మూడూళ్ళదీ, వైద్యం మూడూళ్ళదీ, బాట మూడూళ్ళదీ అని.

వంతెనను మోసే మోకు ముప్పేటది. ఒక్కో ఊరు ఒక్కో పేట పేని తెచ్చేది. ఆ మూడింటినీ కలిపి పురిపెట్టేవారు. ఎవరి పేటను వాళ్ళు మెచ్చుకుంటే చెల్లదు. ఒక ఊరి పేటను పక్క ఊరి మనిషి పరీక్షించాలి. ఆ పరీక్షా మాటలతో కాదు. పేటను గట్టు మీది బండకు కట్టి, పరీక్షకుడు గండి మీద దానికి వేలాడాలి. కింద వల పట్టేవారు. డప్పు ఆగేదాకా పేట తెగకపోతే, దానికి పసుపుగుడ్డ చుట్టి దిగేవాడు. నారవీడు పేటను పరీక్షించే బాధ్యత తేనెగుట్టది. తేనెగుట్ట తరఫున ఆ పని కాచనది.

ఈ ఏడు కాచన వేలాడలేదు.

ఎందుకు వేలాడలేదంటే, నారవీడు సభ పెద్ద అక్కిదేవుడి కూతురు మైలమను అతనికి ఖాయం చేశారు. పరీక్షకు వెళ్ళినవాణ్ణి ముందు పీటమీద కూర్చోబెట్టారు. బూరెలు, పులిహోర, గడ్డపెరుగు, మీదుమిక్కిలి మైలమ కొసరి కొసరి వడ్డన. తిన్నాక, "కాబోయే అల్లుణ్ణి గండి మీద వేలాడదీస్తే చూసేవాళ్ళు నవ్విపోరూ!" అని అక్కిదేవుడి తమ్ముడు ఎకసెక్కంగా అన్నాడు. అందరూ నవ్వారు. కాచనా నవ్వాడు. మామగారి ఊరి పేటను అనుమానించినట్టు దాన్ని పట్టుకుని ఊగడం అతనికి మర్యాదగా తోచలేదు. అరచేత్తో రెండు చరుపులు చరిచి, పసుపుగుడ్డ చుట్టేశాడు.

ఇప్పుడు ఓబాంబ గండి అడుగున ఉంది.

"నారవీడు నారే కుళ్ళు నార!" తేనెగుట్ట సభ పెద్ద సూరసాని గట్టు అంచుకు వచ్చి అవతలికి కేకేసింది. ఆమె కాచన తల్లి. ఆమె గొంతు విప్పితే గండి అవతల పశువులు తలలెత్తేవి. "మా పేట చూడండి, సింగిణీపురం పేట చూడండి. బరువంతా మీద పడి తెగాయే గానీ నార చెక్కుచెదరలేదు. ముందు తెగింది మీదే!"

"పసుపుగుడ్డ చుట్టింది ఎవరమ్మా? మీ అబ్బాయి కాదూ?" అవతలి నుంచి అక్కిదేవుడు అరిచాడు.

"మావాడు డప్పు ఆగేదాకా వేలాడి మరీ చుట్టాడు. ఆ తర్వాత దాన్ని మీరేం చేశారో!"

కాచన చటుక్కున తల్లి వైపు తిరిగాడు. అమ్మకు తను చెప్పిన అబద్ధం అదే. మామూలు మాటల మధ్య, చేతులు కడుక్కుంటూ చెప్పిన అబద్ధం. "వేలాడావురా?" అని ఆమె అడిగింది, "ఆఁ" అన్నాడు. అంత చిన్న ముక్క ఇప్పుడు గండి అంత అయి కూర్చుంది. నోరు తెరుద్దామనుకున్నాడు. అవతలి గట్టున మైలమ తన కోసమే చూస్తూ కనిపించింది. నోరు పెగల్లేదు.

పొద్దు నడినెత్తి దాటేసరికి, నోరు చేయలేని పనిని కాళ్ళు చేశాయి. తూర్పు గట్టుకు వేలాడుతున్న తెగిన మోకును పట్టుకుని, ఎవరూ వద్దనేలోపే గండిలోకి జారాడు. పైనుంచి జనం, "శభాష్ కాచనా! మొనగాడివిరా!" అని ఈలలు వేశారు. ఆ మెప్పు అతని చెవుల్లో సీసం పోసినట్టు ఉంది.

గండి అడుగు ఉలూకదత్తుడనే మాంత్రికుడిది. గండిలో పడినది ఏదైనా అతని సొత్తు. పొద్దు వాలేకొద్దీ అది పాదాల నుంచి పైకి రాయవుతూ వచ్చి, పొద్దు గుంకగానే పూర్తిగా బండ అయిపోతుంది. తాతలు అతనితో చేసుకున్న ఒడంబడికలో ఒక్కటే మినహాయింపు. పొద్దు గుంకేలోపు మూడు ఊళ్ళూ ఒక్క గొంతుతో అడిగితే, అడిగినదాన్ని వదిలేయాలి. ఉలూకదత్తుడు ఆ షరతుకు నవ్వుతూ ఒప్పుకున్నాడట. మూడు ఊళ్ళ సంగతీ అతనికి బాగా తెలుసు.

జారుతూ జారుతూ కాచన మోకు తెగిన చోటికి వచ్చాడు. నారవీడు పేట లోపలి నార నల్లబడి, పిండిలా రాలుతోంది. దాన్ని పట్టుకుని ఒక్క ఊపు ఊగి ఉంటే, పరీక్ష నాడే ఫట్టున తెగేది. తను వలలో పడేవాడు. ఊరంతా నవ్వేది. అంతే. అంతకంటే ఏం జరిగేది కాదు. ఆ ముక్క తలుచుకోగానే అతని చేతులు చెమటలు పట్టాయి, పట్టు జారింది.

కింద నేల ఇంకా కనుచూపు మేరలో లేదు. కాచన గాలిలో గింగిరాలు తిరుగుతూ పడిపోతున్నాడు. ఇంతలో చీకటి బొరియలోంచి ఎడ్లబండి అంత గబ్బిలం ఒకటి చిర్రుమంటూ దూసుకొచ్చి, అతణ్ణి నోట కరవబోయింది. కాచన దాని చెవులు రెండూ దొరకబుచ్చుకుని వీపు మీదికి ఎగిరి కూర్చున్నాడు. అది తలకిందులైంది, బండలకు ఒరుసుకుంది, జలపాతంలోంచి దూరి వెళ్ళింది. కాచన చెవులు వదల్లేదు. కుడి చెవి లాగితే కుడికి, ఎడమ చెవి లాగితే ఎడమకు తిరుగుతోందని కనిపెట్టి, పొగరుబోతు కోడెను తోలినట్టు దాన్ని అడుగుదాకా తోలుకొచ్చాడు. ఇసుక తగలగానే దూకి, పొద పక్కన నక్కాడు. గబ్బిలం ఎగిరిపోయాక లేచి, తన కాళ్ళ మీద గండి అడుగున నిలబడ్డాడు.

ఏటి ఒడ్డున దండెం మీద ఉతికి ఆరేసిన ముసుగులు వరసగా వేలాడుతున్నాయి. అన్నీ గుడ్లగూబ ఈకలతో కుట్టినవి. మాంత్రికుడి సేవకుల దుస్తులన్నమాట. ఎంత మాంత్రికుడి కొలువైనా బట్టలు ఉతుక్కోక తప్పదు గదా! కాచన కొంచెం తడిగా ఉన్న ముసుగు ఒకటి లాగి వేసుకుని, మిగతా సేవకుల వెనక కలిసిపోయాడు.

ఆ కొలువు చూడవలసిందే. తరతరాలుగా గండిలో పడినవన్నీ అక్కడ కొలువుదీరి ఉన్నాయి. రాతి ఎడ్లు, రాతి బండ్లు, రాతి బోయీలు మోస్తున్న రాతి పల్లకి. పల్లకి తెరల కుచ్చులు కూడా రాయే. గోడల నిండా మినుకుమినుకుమనే నీలి పుట్టగొడుగులు, నేల మీద అద్దంలా మెరిసే నల్లరాతి పలకలు, పలకల సందుల్లో పాదరసంలా పారే నీళ్ళు. నడుమ ఆకాశానికి తెరుచుకున్న పెద్ద ముంగిలి. ఆ ముంగిట్లో తల ఎత్తితే, చాలా పైన, రెండు గట్లూ రెండు దారాల్లా కనిపిస్తున్నాయి.

ముంగిలి మధ్యన ఓబాంబ నిలబడి ఉంది. మోకాళ్ళదాకా రాయి అయిపోయింది. పక్కనే గాడిద పొట్టదాకా బండ అయింది. ఓబాంబ నోరు మాత్రం ఆగలేదు. ఒక సేవకుడి మెడ మీది కురుపుకు ఆకు పసరు పిండుతూ తిడుతోంది.

"ఒరేయ్, కురుపు మీద మట్టి రాస్తార్రా ఎవరైనా? మీ మాంత్రికుడికి రాళ్ళు చేయడం వచ్చుగానీ కురుపు మానిపించడం రాదూ?"

కాచన దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి, "అత్తా, నేనే. కాచనను" అన్నాడు.

ఓబాంబ చేతిలో ఆకు జారిపోయింది. "ఎందుకు దిగొచ్చావురా సన్నాసీ? నీ పెళ్ళి దగ్గర పడుతుంటే! పైన పిల్ల సంగతి చూడకుండా... ఆ సింగిణీపురం పిల్లకు కాన్పయిందో లేదో. కాళ్ళు ముందొచ్చే బిడ్డరా అది. నేను లేకుండా ఎట్లా?"

తన కాళ్ళు రాళ్ళవుతుంటే ఆమె ఇంకొకరి బిడ్డ కాళ్ళ గురించి అడుగుతోంది.

"నీలాంటి పిల్లలున్నారు గనుకే రా మూడూళ్ళూ నిలబడ్డాయి" అని ఆమె అతని బుగ్గ నిమిరింది. ఆ చెయ్యి తీసేయమని అతను బతిమాలుకోబోయాడు. అంతలో కొలువుదీపం ముట్టించారు. సేవకులందరూ ఒక్కసారిగా గుడ్లగూబల్లా కూశారు. స్వామి వేంచేసేటప్పుడు అది అక్కడి మర్యాద. కాచన కూడా కూశాడు. అతని కూత గుడ్లగూబ కూతలా లేదు. తెల్లారగట్ల కోడి కూతలా ఉంది.

ఈకల ముసుగులన్నీ అతని వైపు తిరిగాయి. ఎత్తయిన అరుగు మీద నుంచి కిలకిల నవ్వు వినిపించింది.

"కోడిపుంజా! ఇంత పొద్దు వాలాక కూస్తావేమి?" అంటూ ఉలూకదత్తుడు దిగివచ్చాడు. ముఖం గుండ్రన, కళ్ళు పసుపుపచ్చన, గడ్డం మోకాళ్ళదాకా. చేతిలో తెగిపడిన నారవీడు పేట ముక్క ఉంది. "దీన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. నార పేనినవాళ్ళ చేతుల వాసన ఉంది, పసుపు వాసన ఉంది. వేలాడినవాడి చెమట వాసన మాత్రం లేదు. ఉండవలసిన చెమట నీది కదూ?"

కాచన ముసుగు తీసేశాడు. ఓబాంబ మొహం వైపు చూడలేకపోయాడు.

"భయపడకు" అన్నాడు మాంత్రికుడు తియ్యగా. "నేను నీ పక్షమే. ఈ ముసలిదాన్ని ఇప్పుడే వదిలేస్తాను. ఎత్తుకుపో. పైన నీకు పూలదండలు వేస్తారు. నువ్వు చేయవలసినది ఏమీ లేదు. మాట్లాడకపోవడమే. నారవీడు వాళ్ళే మోసం చేశారని మీవాళ్ళు అనుకుంటారు, అనుకోనియ్యి. వంతెన మళ్ళీ కట్టరు. ఉమ్మడి వైద్యం మూలపడుతుంది. ఎవరి గట్టున వాళ్ళు బతుకుతారు. ఈ గండి మీద నాకు నిశ్చింత. ఏమంటావు?"

కాచన తల వంచుకున్నాడు. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం అతనికి ఆశ పుట్టింది. ఓబాంబ బతుకుతుంది, తన అబద్ధం బతుకుతుంది. పోయేదల్లా నారవీడు పరువు. అలా ఆశ పుట్టినందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"అత్తా" అన్నాడు. "నేను వేలాడలేదు. బూరెలు తిని పసుపుగుడ్డ చుట్టాను."

ఓబాంబ చేతికంటిన పసరును చీరకు తుడుచుకుంది. రాయి ఆమె నడుము దాటింది.

"అది నాకు చెప్తే ఏం లాభం రా?" అంది చివరికి. ఆమె గొంతులో కోపం లేదు. అదే అతనికి ఎక్కువ నొప్పి పెట్టింది. "పైన చెప్పు."

ముంగిలి చివర పలుకుబండ ఉంది. దాని మీద నిలబడి మాట్లాడితే ఆ మాట గట్ల మీదికి వినిపిస్తుంది, గట్ల మీది మాట కిందికి వినిపిస్తుంది. ఊళ్ళ తగాదాలు వినడం ఉలూకదత్తుడి సాయంకాలపు వినోదం. కాచన అటు పరుగెత్తాడు. సేవకులు ఈటెలు విసిరారు. ఒక ఈటె భుజం చీరుకుపోయింది. మరొకదాన్ని గాలిలోనే అందుకుని, దాన్నే ఊతంగా నేలకు గుచ్చి, రాతి పల్లకి పైనుంచి ఒక్క దూకు దూకాడు. బోయీల తలల మీద అడుగులు వేసుకుంటూ బండ ఎక్కాడు. పైనుంచి వినిపిస్తున్నవి ఇంకా అవే తిట్లు. కుళ్ళు నార, దొంగ నార, మీ వంతెన వద్దు, మీ సంబంధం వద్దు.

"అమ్మా!" అని అరిచాడు కాచన.

తిట్లు ఆగిపోయాయి.

"అమ్మా, నేను వేలాడలేదు. నీకు అబద్ధం చెప్పాను. నారవీడు పేటను పట్టుకుని కూడా చూడలేదు. విందు తిని, మొహమాటపడి, పసుపుగుడ్డ చుట్టాను. ఓబాంబత్త ఇక్కడ నడుందాకా రాయి అయిపోయింది. తప్పు నాది. మూడు ఊళ్ళూ కలిసి అడిగితేనే ఆమె బతుకుతుంది. నన్ను తర్వాత తిట్టండి. ముందు ఆమె కోసం అడగండి!"

కాచన తలెత్తి చూశాడు. తూర్పు గట్టు అంచున తల్లి ఎర్రచీర ఒక చుక్కలా కనిపించింది. ఆ చుక్క కదలలేదు. పొద్దుటినుంచి పక్క ఊరిని ఏ గొంతుతో తూర్పారబట్టిందో, ఆ గొంతు ఆమెకు ఇప్పుడు దొరకడం లేదు. ఎంతోసేపటికి వినిపించింది. అది సూరసాని గొంతులా లేదు.

"నారవీడు పెద్దలారా, సింగిణీపురం పెద్దలారా. నా కొడుకు మాట విన్నారు. నాకు మొహం చెల్లదు. అయినా అడుగుతున్నాను. నాతో గొంతు కలపండి. ఓబాంబను..."

"ఓబాంబను మాకు ఇయ్యి!" అని మూడు ఊళ్ళూ ఒక్కసారిగా అన్నాయి.

గండి దద్దరిల్లింది. నీలి పుట్టగొడుగులు టపటప రాలిపోయాయి. ఓబాంబ ఒంటి మీది రాయి పెంకులు పెంకులుగా ఊడింది. అడుగున పరుచుకున్న మంచు ఆమెను అరచేతిలో పెట్టుకున్నట్టు పైకి లేపింది. "ఒరేయ్, వాణ్ణి కూడా... నా మందుల సంచి... వాణ్ణి వదిలేసి పోనురా!" అని ఆమె కాళ్ళు తన్నుకుంటూనే ఎగిరిపోయింది. కాసేపటికి పడమటి గట్టున హర్షధ్వానాలు వినిపించాయి.

కాచన బండ దిగబోయాడు. కాలు రాలేదు. వంగి చూసుకుంటే వేళ్ళు బూడిదరంగు తిరిగి ఉన్నాయి.

"నేను పడలేదు, నా అంతట నేను దిగివచ్చాను" అన్నాడు.

"చేతులు జారి పడ్డావు నాయనా. నా గబ్బిలం నిన్ను పట్టుకుంది, అంతే" అన్నాడు ఉలూకదత్తుడు. "నువ్వూ నా సొత్తే. పొద్దు ఇంకా మూరెడు ఉంది. వాళ్ళను అడగమను, వదిలేస్తాను. ఇప్పుడే కదా ఎంత చక్కగా అడిగారు!" అంటూ బండ పక్కన బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. కథ వినబోయే వాడిలా చెవి ఒగ్గాడు.

పైన ఓబాంబ విషయం చెప్పేసినట్టుంది. జనం గట్టు అంచులకు ఉరికారు. మొదట వినిపించింది అక్కిదేవుడి గొంతు. ఏడుస్తున్నాడు.

"కాచనా, బాబూ! నార సరిపోక పాత నార కలిపించింది నేనేనయ్యా. నువ్వు వేలాడతావు గదా, తేడా ఉంటే నువ్వే పట్టేస్తావు గదా అని, ఆ పరీక్ష చూడ్డానికైనా రాకుండా ఊరుకున్నాను. తప్పు నాది. నీది కాదు!"

కాచనకు అప్పుడు అర్థమైంది. తను వాళ్ళ నారను నమ్ముకున్నాడు. వాళ్ళు తన వేలాటను నమ్ముకున్నారు. ఒకరినొకరు అంత గట్టిగా నమ్ముకున్నచోట, పేటను పట్టుకుని చూసిన చేయి ఒక్కటీ లేదు. తప్పు పంచుకునేవాడు దొరికాడని అతని బరువేమీ తగ్గలేదు. ఓబాంబ నడుము దాటిన రాయి కళ్ళలోనే ఉంది.

"మామా, ముందు..." అని మొదలుపెట్టాడు.

"మీది కాదు, మాది!" అని సూరసాని అడ్డుతగిలింది. "వాణ్ణి పెంచింది నేను. అబద్ధం చెప్తే పట్టుకోలేకపోయింది నేను. ఊరి పెద్దనయ్యుండి పొద్దుటినుంచి మిమ్మల్ని నానా మాటలూ అన్నాను. తప్పు తేనెగుట్టది!"

"అదెట్లా అవుతుందమ్మా?" సింగిణీపురం సభ పెద్ద కొమ్మన గొంతు లేచింది. "తేమ కాలంలో ఉప్పుబండ్లు ఒకదాని వెనక ఒకటి తోలవద్దని ముమ్మడి కట్టులోనే ఉంది. నిన్న తోలింది మావాళ్ళు. ఆ బరువుకు మోకు సగం చచ్చింది. నిందంతా మీరిద్దరే నెత్తినేసుకుంటే మేమేమైపోవాలి?"

"వడ్డించింది నేను! ఆ పాత నార కంపు నాకు తెలుసు. తెలిసే కొసరి వడ్డించాను!" మైలమ గొంతు. అది విని కాచన కళ్ళు మూసుకున్నాడు.

"నీదేంటే పిల్లా, నువ్వు పక్కకు జరుగు!"

"కాదు, మా నారే!"

"ఉప్పుబండ్లని చెప్తుంటే వినిపించుకోరేం?"

రాయి కాచన తొడలు దాటింది. "తప్పు తర్వాత పంచుకోండి!" అని బలంకొద్దీ అరిచాడు. "ముందు అడగండి! ఒక్క మాట, అందరూ కలిసి!"

"విన్నారా, ఇంకా ఎంత మంచితనమో పిల్లవాడిది!" అని ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. "అటువంటివాణ్ణి మేము చంపుకున్నాం."

"మీరు కాదు, మేము!"

"కాచనను మాకు ఇయ్యి!" అని తేనెగుట్ట అడిగింది. ఆ వేళకు నారవీడు ఏడుస్తోంది. ఏడుపు ఆపి నారవీడు అడిగింది. ఆ వేళకు సింగిణీపురం ఉప్పుబండ్ల లెక్క చెబుతోంది. సింగిణీపురం తేరుకుని అడిగేసరికి మిగతా రెండు ఊళ్ళూ ముందు ఎవరు అడగాలో, ఎవరికి ఆ అర్హత ఉందో తేల్చుకుంటున్నాయి.

ఉలూకదత్తుడు ఆనందంతో అరచేతులు రుద్దుకున్నాడు. పొద్దు పడమటి గట్టు వెనక్కి సన్నగా జారింది. చల్లని రాయి కాచన ఛాతీ ఎక్కి, మెడ దగ్గర ఆగి, గడ్డం తాకింది. ఇంకొక్కసారి అరవడానికి అతను నోరు తెరిచాడు.

పైన తప్పు ఎవరిదో ఇంకా తేలలేదు.